పక్క సీటు

ట్రాక్టరుకి ఒకటే సీటు.
ఈ మాట నలభై మూడేళ్లుగా అంటున్నాను,
ఆయనకి వినపడదు.
ఒంటి సిలిండరు ఫీల్డ్ మార్షల్ పక్కన
అన్నేళ్లు నిలబడ్డ చెవులు మరి.

షెడ్డులో ఆరున్నాయి.
జల్లెడలా చిల్లులు పడ్డ ఆరు ఇనప సీట్లు,
ఆరింటి మీదా ఒకే మనిషి అచ్చు.
వంటింటి సొరుగులో, పుట్టినరోజు కొవ్వొత్తుల పక్కన,
సురేకారం పట్టించిన కాగితాలు.
చుట్టలా చుట్టి, నిప్పు ముట్టించి,
ఇంజను నోట్లో పెట్టి హ్యాండిలు తిప్పితే
ముందొక దగ్గు, తర్వాత పొగతో ఒక సున్న,
ఆపైన హోల్బీచ్ ఊరిదాకా వినపడే గుండెచప్పుడు.
మా పెళ్లినాడు చర్చిలో కూడా అదే వాసన,
ఆయన కోటు మడతల్లోంచి.

మార్చిలో విన్నీ స్నీత్
పోయిన తమ్ముడి సామాను అమ్ముతోందంటే
ఒక గొలుసు కోసం వెళ్లాడు.
గొలుసు తేలేదు.
మోరిస్ మైనర్ తెచ్చాడు, యాభై తొమ్మిదో సంవత్సరంది,
వెనకభాగం చెక్కతో కట్టింది.
కిటికీ గాడిలో పచ్చగా నాచు,
ఒక మూల బొటనవేలంత పుట్టగొడుగు.
"దీన్ని తోలాలా, నీళ్లు పొయ్యాలా?" అన్నాను.
నవ్వలేదు.
కంట్లో నలుసు తీసినట్టు
కత్తిమొనతో పుట్టగొడుగుని తీశాడు.

చోటు కావాలంటే ఒక ట్రాక్టరు పోవాలి.
ఏది పోవాలో తేలక పదిరోజులు
అన్నీ ఉప్పగానే ఉన్నాయన్నాడు మా క్లెమ్ మాల్ట్‌బీ.
చివరికి బూడిదరంగు ఫెర్గూసన్ ట్రైలరెక్కింది.
ఇక్కడి నేల మరీ బల్లపరుపు,
వెళ్లిపోయేది ఓ పట్టాన కనుమరుగు కాదు.
అంతసేపూ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.
మా అత్తగారు పోయినప్పుడు టోపీ తీశాడో లేదో
నాకు గుర్తులేదు.

వేసవంతా ఆ చెక్కకి అవిసెనూనె పట్టించాడు.
బూట్లు విప్పి కారెక్కడం,
పనికి ముందు చేతులు కడుక్కోవడం,
ఈ వయసులో చూశాను.
"ట్రాక్టరు మొరాయిస్తే సుత్తి చాలు,
దీన్ని బతిమాలుకోవాలి" అన్నాడొకరోజు,
నాతోనో దానితోనో.

సెప్టెంబరులో ఒక ఆదివారం
తలుపు తీసి పట్టుకుని, ఎటో చూస్తూ,
"ఎక్కుతావా?"

ఎక్కడ కూర్చోవాలో తెలుసు,
ఎలా కూర్చోవాలో తెలియలేదు.
పెళ్లైన కొత్తలో ఒకసారి
ట్రాక్టరు వెనక కమ్మీ మీద నిలబడి, ఆయన్ని పట్టుకుని
చక్కెరదుంపల చేను దాటాను.
ఆ వీపు నాకు కంఠతా వచ్చు.
పక్కనుంచి ముక్కు ఇంత వంకరని మాత్రం
ఇవాళే తెలిసింది.

గంటకి పాతిక మైళ్లు.
వెనక లారీలు బారులు తీరాయి.
మలుపు దగ్గర కారు పక్కనుంచి
నారింజరంగు చెయ్యొకటి లేస్తుంది,
బళ్లో జవాబు తెలిసిన పిల్లాడిలా.
ఒక్కోసారి లేవదు.
అప్పుడు నేను నా పక్క స్తంభాన్ని పిడికిలితో గుద్దాలి.
అది నా పనని చెప్పాడు.
చాలా ముఖ్యమైన పనట.

రెండు నిమిషాలకోసారి భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు.
వెనక పిల్లల్లేరు, సామాన్లు లేవు.
లారీల్ని కాదు, ఆ చూపు కిందికి పోతోంది.
నాలుగోసారికి అర్థమైంది.
చాలు చూసుకుంటున్నాడు,
దున్నుకొచ్చిన చాలు వంకరపోయిందేమోనని.

తారు మీద చాలు పడదయ్యా అందామని
నోరు తెరిచి,
ఎందుకో నేనూ వెనక్కి తిరిగాను.
రోడ్డు, కాలవ, క్యాబేజీ మళ్లు, ఆకాశం.

"తిన్నగానే ఉంది" అన్నాను,
అరవకుండా, మామూలు గొంతుతో.

వినపడింది.

సముద్రం వైపు ఎడమ మలుపొచ్చింది.
చెయ్యి లేవలేదు.
గుద్దాను.